అతుకు విద్య

హైదరాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిమీద సాయంకాలపు వేళ సిద్దిపేటకు చేరువైనవారికి, ఊరింకను మొదలుకాకమునుపే, రోడ్డునకిరుప్రక్కలను రేకుల కప్పులక్రిందనుండి నీలి మెరుపులు కంటబడును. గేట్లు, గ్రిల్లులు, కిటికీ చువ్వలు, ట్రాక్టరు ట్రాలీలు, బురదమడి దున్ను కేజీవీల్సు, నీళ్ల ట్యాంకుల స్టాండ్లు, ఇట్లు ఈ ప్రాంతపు కాపురములకును సేద్యమునకును కావలసిన ఇనుపసామాను సగము అక్కడనే అతుకబడుచుండును. బస్సులో కిటికీ ప్రక్కను కూర్చున్న తల్లి తన బిడ్డ కన్నులకు అరచేయి అడ్డముపెట్టి, "అటు చూడకు బిడ్డా, కండ్లు పోతయి" అని తల త్రిప్పును. ఆ తల్లి చెప్పినది సత్యమే. అయినను ఆ మెరుపునే దినమునకు ఏడెనిమిది గంటలు, ఏండ్ల తరబడి, తొణకక చూచుట బ్రతుకుదెరువుగా గలవారు మన నడుమ వేలకొలది కలరు. ఎట్లు చూడవలెనో, దేనిని చూడవలెనో వారికి నేర్పు బళ్లును కలవు. ఎండకాలము వచ్చినంతనే ఇంజనీరింగు సీట్లనుగూర్చియు ర్యాంకులనుగూర్చియు పుటలకు పుటలు నింపు మన పత్రికలలో, వెల్డింగు నేర్వబోవు పిల్లవానికి పనికివచ్చు నాలుగు మాటలు వెదకినను దొరకవు. ఈ లోటు నన్ను చాలకాలముగా బాధించుచున్నది.

వెల్డింగు అను మాట మనకు ఇంగ్లీషునుండి వచ్చినది. పని మాత్రము మన కొలుములలో తరతరములుగా జరిగినదే. రాగిబిందెకు చిల్లిపడినప్పుడు తగరము కరగించి మాటువేయువాడు ఒకడు. విరిగిన నాగటి కర్రును తెల్లబారునంతవరకు కొలిమిలో కాచి, రెండు ముక్కలను దాగలిమీద ఒకదానిపై నొకటి చేర్చి, సమ్మెటపోటుతో ఒక్కటిగా చేయువాడు మరియొకడు. మొదటివాని పనిలో రెండు రేకుల నడుమ మూడవ లోహము జిగురువలె నిలుచును. రెండవవాని పనిలో ఇనుము ఇనుములో కలిసిపోయి అతుకు ఎక్కడ ఉన్నదో తెలియకుండ పోవును. వెల్డింగనగా ఈ రెండవది. విరిగిన మనస్సు సంగతి చెప్పబూనిన వేమనకు విరిగిన ఇనుమును కాచి అతుకు కమ్మరి ఉపమానముగా దొరికెననగా, ఆ పని ఆనాటి జనమునకు ఎంత పరిచితమో ఊహింపవచ్చును. సిద్దిపేటకు వాయవ్యముగా, నేటి నిజామాబాదు జిల్లాలోనున్న కోనసముద్రమున తయారైన ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారని, పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో ఆ ఊరికి వచ్చి చూచిన హెన్రీ వాయిసీ అను శాస్త్రజ్ఞుడు వ్రాసియుంచెను. ఇనుమును ఎరిగిన నేల ఇది.

కమ్మరి చేతిలోని ఒక చిన్న మెలకువ ఇచ్చట చెప్పక తప్పదు. అతుకబోవు ఇనుముపై అతడు చిటికెడు ఇసుక చల్లును. కాగిన ఇనుముపై గాలి సోకి ఏర్పడిన తుప్పుపొర ఆ ఇసుకతో కలిసి కరగి చిట్టెమగును. సమ్మెటదెబ్బ పడినప్పుడు అది చిమ్ముకొని బయటకు పోయి, లోపల శుద్ధమైన ఇనుము శుద్ధమైన ఇనుమును తాకును. గాలి ఇనుమునకు శత్రువనియు, అతుకు పడు క్షణమున ఆ శత్రువును దూరముగా ఉంచవలెననియు మన కమ్మరి ఏ బడికిని పోకయే తెలిసికొనెను. విద్యుత్తు వచ్చిన తరువాత ఐరోపా వారికి ఈ సంగతి మరల తెలియుటకు కొన్ని దశాబ్దములు పట్టినది. 1881లో నికొలాయ్ బెనార్డోస్ అను రష్యా దేశీయుడు బొగ్గుకడ్డీకిని లోహమునకును నడుమ విద్యుచ్ఛాపమును వెలిగించి ఇనుము కరగించెను. 1888లో ఆ దేశమువాడే స్లావ్యానోవ్ బొగ్గుకడ్డీకి మారుగా లోహపుకడ్డీనే వాడి, కడ్డీయే కరగి అతుకులో చేరునట్లు చేసెను. ఆ అతుకులు పెళుసుగా ఉండెడివి, ఏలయన గాలిలోని ప్రాణవాయువును నత్రజనియు కరగిన ఇనుములో దూరుచుండెను. స్వీడను దేశస్థుడగు ఆస్కార్ షెల్‌బెర్గ్ ఇరువదవ శతాబ్దపు తొలి దశకములో కడ్డీకి ఖనిజముల పూతపూసి ఈ చిక్కు విప్పెను. పూత కాలునప్పుడు పుట్టిన వాయువు కరగిన ఇనుముచుట్టు కంచెవలె నిలుచును. మిగిలినది చిట్టెమై పైకి తేలి, అతుకు చల్లారువరకు దానిని దుప్పటివలె కప్పియుండును. కమ్మరి చల్లిన చిటికెడు ఇసుకయే నేడు ప్రతి వెల్డింగు రాడ్డుమీదను పూతయై కూర్చున్నదని నేను పిల్లలకు చెప్పుచుందును.

ఈ మధ్య సిద్దిపేట ప్రాంతమందలి ఒక శిక్షణశాలలో ఒక పూటంతయు కూర్చుంటిని. పొడవైన రేకులషెడ్డు, లోపల గోడవెంబడి గదులవలె తెరలు, ఒక్కొక్క తెరలోపల ఒక ఇనుపబల్ల, ఒక ట్రాన్స్‌ఫార్మరు, దానినుండి రెండు లావాటి కేబుళ్లు. ఒక కేబులు కొసను రాడ్డు పట్టుకొను హోల్డరు, రెండవదాని కొసను బల్లకు బిగించు ఎర్తింగు. పదునేడేండ్ల పిల్లవాడొకడు తోలు ఏప్రను కట్టి, మోచేతులదాక చేతిజోళ్లు తొడిగి, ఒక చేతితో నల్ల గ్లాసు బిగించిన అడ్డుపలక పట్టుకొని, రెండవ చేతితో పది నంబరు రాడ్డు పట్టి నిలుచుండెను. అంగళ్లలో పది నంబరని చెప్పునది 3.15 మిల్లీమీటర్ల రాడ్డు. దానికంటె సన్ననిది పన్నెండు నంబరు, లావైనది ఎనిమిది. పిల్లవాడు రాడ్డు కొసను బల్లమీది ఇనుపపలకమీద ఆనించెను. చిటుక్కుమన్న మరుక్షణమే రాడ్డు పలకకు కరచుకొనిపోయెను. పీకెను, రాలేదు, రాడ్డంతయు ఎర్రబడసాగెను. మాస్టరుగారు వచ్చి హోల్డరు నొక్కి రాడ్డును వదలించి, "పొడుస్తే పట్టుకుంటది బిడ్డా. అగ్గిపుల్ల గీసినట్టు గీయి, గీసి రవ్వంత లేపు" అనిరి. పిల్లవాడు మరల గీచెను. ఈసారి మెరుపు నిలిచినది, మూడు లెక్కపెట్టునంతలో ఆరినది. పదునొకండవసారి గాబోలు, వ్రేలెడంత దూరము నడిచినది.

గీయుట చేతనైన పిమ్మట అసలు పని మొదలగును. రాడ్డు కొసకును పలకకును నడుమ ఎడము సుమారుగా రాడ్డు మందమంతే ఉండవలెను. రాడ్డు క్షణక్షణమును కరగి పొట్టిదగుచుండగా, చేయి అంతే వేగముతో క్రిందికి దిగవలెను. అదే సమయమున అతుకు వెంబడి ముందునకును నడువవలెను. పైగా రాడ్డు వాలు చెదరరాదు. మూడు కదలికలను ఒక్క చేయి ఒక్కసారిగా చేయవలెను, అదియును నల్ల గ్లాసువెనుక, మెరుపు తప్ప మరేమియు కానరాని చీకటిలో. ఎడము పెరిగినచో గాలి దూరి అతుకులో బుడగలు పుట్టును, నిప్పురవ్వలు చుట్టును చెదరి అంటుకొనును; తగ్గినచో రాడ్డు కరచుకొనును. చేయి ఉరికినచో అతుకు సన్ననై లోతు చాలదు. జాగుచేసినచో పలుచని రేకు బొక్కపడును. ఈ తప్పులను కంటికంటె ముందు చెవి పట్టుకొనును. ఎడమును వేగమును కుదిరినప్పుడు వచ్చు చప్పుడు, సంక్రాంతి ముందు మూకుడులో కాగిన నూనెలో సకినాలు వేసినప్పుడు ఎడతెగక వచ్చు చప్పుడువంటిది. అది తెగితెగి పేలినట్లు వినిపించినదా, ఎక్కడనో తప్పినదన్నమాట. మాస్టరుగారు షెడ్డు నడుమ వీపు త్రిప్పి నిలుచుండియే, "మూడో నంబరు, దూరమైతంది" అని కేకవేయుట నేను వింటిని. మూడవ తెరలోని పిల్లవాడు చేయి దించినంతనే చప్పుడు సర్దుకొనెను.

ఇంతకంటె కష్టమైనది చూపు. క్రొత్తగా వచ్చినవాని కన్ను మెరుపును అంటిపెట్టుకొని యుండును. అనుభవశాలి చూపు మెరుపువెనుకనున్న మడుగుమీద నిలుచును. చిక్కుడుగింజంత వెడల్పున ఎర్రగా తళతళలాడు ఆ కరగిన ఇనుపు మడుగు యొక్క అంచులు రెండు పలకలను తాకుచున్నవో లేదో, దాని తోకను వచ్చు చిట్టెము మడుగుముందునకు పారుచున్నదో వెనుకనే నిలుచుచున్నదో చూచుచు నడిపించుటయే ఈ విద్యకంతటికిని ప్రాణము. "మెరుపు దాని పని అది చేసుకుంటది, నువ్వు మడుగును చూడు" అని మాస్టరుగారు ఆ పూటలో ఎన్నిమారులు అనిరో లెక్కలేదు. అతుకు చల్లారిన పిదప మొనసుత్తితో చిట్టెము కొట్టి, తీగె బ్రష్షుతో రుద్ది చూచినచో, సరిగా పడిన అతుకు బిగువుగా అల్లిన జడవలె వరుసవరుసలుగా కనిపించును. ఆ పిల్లవాడు వేసినది ఎండిన వానపాములవలె ఉండెను. అతడు దానిని దాచుకొనబోగా మాస్టరుగారు వారించి, సుద్దముక్కతో తేదీ వేసి అలమారులో పెట్టించిరి.

నేను ఇంత విస్తరించి వ్రాయుటకు కారణము కలదు. ఈ పనిని మనము చదువుగా ఎంచుట లేదు. పదవ తరగతిలో మార్కులు తగ్గినవాడు, ఇంటర్మీడియటు మధ్యలో మానినవాడు, తండ్రి మాట విననివాడు, వీరికి చివరకు చూపు త్రోవగా దీనిని తలచుచున్నాము. కాని ఆ షెడ్డులో నేను చూచిన అవధానము, ఒకేసారి చేతిని చెవిని కంటిని మూడింటిని బిగబట్టి నడుపు ఆ ఏకాగ్రత, వీణ నేర్చువానియందు తప్ప మరెచ్చటను నేను చూడలేదు.

మన దేశమున ఈ చదువునకు ప్రధానమైన ఇల్లు ఐ.టి.ఐ. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలోనే, 1950లో, కేంద్ర కార్మికశాఖ వృత్తివిద్యా శిక్షణ పథకమును ప్రారంభించినది. 1956లో దేశమంతటికిని ఒకే ప్రమాణము ఉండునట్లు జాతీయ వృత్తిశిక్షణ మండలి ఏర్పడినది. 1961లో అప్రెంటిసు చట్టము వచ్చినది. వెల్డరు ట్రేడు ఒక ఏడాది చదువు. చాల ట్రేడులకు పదవ తరగతి కావలసియుండగా దీనికి ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణత చాలును, పదునాలుగేండ్లు నిండియుండవలెను. ఒక్కొక్క జట్టున ఇరువదిమంది. ఏడాది చివర దేశమంతట జరుగు ట్రేడు పరీక్షలో నెగ్గినవారికి జాతీయ ట్రేడు సర్టిఫికెటు లభించును. పిమ్మట ఏదేని కర్మాగారములో అప్రెంటిసుగా చేరవచ్చును. షాపులో పని, దానికి తోడు ట్రేడు థియరీ, లెక్కలు, డ్రాయింగు. డ్రాయింగు అనగా బొమ్మలు వేయుట అని కొందరు పొరబడుదురు. కాగితముమీది గీతలనుబట్టి ఎక్కడ ఏ మందపు అతుకు వేయవలెనో చదువగలుగుటయే దాని ప్రయోజనము. రోడ్డుప్రక్క షాపులో పదేండ్లు పనిచేసి చేయి చక్కగా తిరిగినవారు సయితము పెద్ద కంపెనీలో చేరబోయి ఆ కాగితముముందర ఆగిపోవుట నేను చూచితిని.

అమెరికాలో ఈ విద్యను ఎక్కువగా కమ్యూనిటీ కాలేజీలలో నేర్పుదురు. 1901లో ఇల్లినాయి రాష్ట్రమందలి జోలియెట్ పట్టణమున వెలసిన కళాశాల ఆ కోవకు చెందిన ప్రభుత్వ సంస్థలలో మిక్కిలి పాతది. ఇంటినుండి పోయివచ్చు దూరము, విశ్వవిద్యాలయములకంటె తక్కువ ఫీజు, పగలు పనిచేసికొనువారికి రాత్రి తరగతులు, వయస్సు పట్టింపు లేకుండుట, ఇవి వాటి గుణములు. ఒకే కప్పుక్రింద ఒకరు నర్సింగు, ఒకరు లెక్కలు, ఒకరు వెల్డింగు చదువుకొందురు. మన ఊళ్లనుండి ఎం.ఎస్. చదువబోయిన పిల్లలు ఏళ్ల తరబడి నివసించు పట్టణములలోనే ఇట్టి కళాశాలలున్నను, అక్కడ నలుబదియేండ్ల మనుష్యుడు కార్ఖానా పని ముగించుకొని వచ్చి రాత్రి తొమ్మిదింటివరకు పైపు అతుకుట నేర్చుచున్నాడని వారు ఇంటికి ఫోనులో చెప్పుట అరుదు. మన దేశమునను 1995లో పుదుచ్చేరిలో ఆ పేరుతోనే ఒక కళాశాల పుట్టినది. తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఆ పేరుతో ఒక పథకమును నడపినది. పేరు ఏదైననేమి, నాకు నచ్చినది ఆ కప్పు ఒక్కటైయుండుట. మనయొద్ద డిగ్రీ కళాశాల ఒక దిక్కున, ఐ.టి.ఐ. మరియొక దిక్కున ఉండి, ఈ పిల్లలు ఆ పిల్లల ముఖములు చూడకుండనే పెరుగుచున్నారు.

ఈ అతుకు విద్య మన జిల్లా బ్రతుకులో ఎంతగా ఇమిడియున్నదో చూడుడు. సిద్దిపేట జిల్లా ఏర్పడినది 2016 అక్టోబరు 11న. అంతకు రెండు నెలల ముందు, ఆగస్టు 7న, ఈ జిల్లాలోనే గజ్వేలు దగ్గరి కోమటిబండలో, ఇంటింటికి త్రాగునీరు తెచ్చు మిషన్ భగీరథ పథకమునకు ప్రారంభోత్సవము జరిగినది. దానికి ముందే, 1990వ దశకమున, దిగువ మానేరు నీటిని గొట్టములద్వారా సిద్దిపేట పల్లెలకు తెచ్చిన అనుభవము ఈ ప్రాంతమునకు కలదు. ఇంటింటికి వచ్చు సన్నని గొట్టము ప్లాస్టికుదే కావచ్చును. కొండెక్కి దిగి మైళ్లదూరము నీటిని తోయు పెద్ద గొట్టములలో ఉక్కువి అనేకము, అవి ఒక్కొక్కటి ఒక్కొక్కచోట మనుష్యుడు వంగి, పడుకొని, గొట్టముక్రింద దూరి అతికినవి. ఈ జిల్లా జలాశయములలో రంగనాయక సాగరమునకు 2020లో, మల్లన్న సాగరమునకు 2022లో ప్రారంభము జరిగినది. ఆ పంపుహౌసులలో, గేట్లలో, నీటిని పైకెత్తు గొట్టములలో అతుకులేని జాగా వెదకినను కనబడదు. గ్లాసెడు నీళ్లు త్రాగునప్పుడు ఆ అతుకులు మనకు జ్ఞప్తికి రావు, రానక్కరలేదు కూడ. అతుకు మంచిదైనంతకాలము దానిని ఎవరును తలచుకొనరు.

రైలు సంగతి మరింత ముచ్చటైనది. మనోహరాబాదు నుండి కొత్తపల్లికి వేయుచున్న మార్గములో సిద్దిపేటవరకు 2023 అక్టోబరు 3న రైలు నడిచినది. ఏండ్లకొలది ఎదురుచూచిన పెద్దలు ఆ పెట్టెలెక్కి, చిన్ననాటి ప్రయాణములలో విన్న టకటక చప్పుడుకొరకు చెవియొగ్గినచో నిరాశయే కలుగును. ఆ చప్పుడు పట్టాల నడుమ సందులది. ఇప్పుడు పట్టాలను ఒకదానితో ఒకటి వెల్డింగు చేయుదురు. కర్మాగారములో విద్యుత్తుతో కలుపుట ఒక పద్ధతి. మార్గముమీదనే చేయునది థెర్మిట్ పద్ధతి. హాన్స్ గోల్డ్‌ష్మిట్ అను జర్మను రసాయనశాస్త్రవేత్త కనుగొన్న ఉపాయమిది: అల్యూమినియం పొడిని, ఇనుపతుప్పు పొడిని కలిపి అంటించినచో, తుప్పులోని ప్రాణవాయువును అల్యూమినియం లాగికొనును, ఆ సంయోగమున పుట్టిన వేడిమికి ఇనుము నీరై మూసలోనుండి క్రిందికి దిగి రెండు పట్టాల నడుమ నిండును. కరెంటు అక్కరలేదు, కొలిమి అక్కరలేదు. తుప్పునుండియే ఉక్కు పుట్టును.

ఇక గ్యాసు వెల్డింగు. నల్లరంగు సిలిండరులో ఆక్సిజను, ముదురు మెరూను రంగు సిలిండరులో ఎసిటిలీను. రెండును కలిసిన మంట వేడిమి మూడువేల డిగ్రీల సెల్సియసు దాటును. ఉక్కు కరగుటకు సుమారు పదునైదువందలు చాలును. ఆక్సిజను గొట్టపు మరలు కుడివైపునకు, ఎసిటిలీను మరలు ఎడమవైపునకు తిరుగును, ఒకదాని బదులు ఒకటి తొందరలో బిగించు ప్రమాదము లేకుండుటకు. ఆక్సిజను వాల్వుకు నూనెచేయి తగులరాదను నియమము ప్రతి శిక్షణశాల గోడమీదను వ్రాసియుండును. గ్రీజు మరకయైనను ఒత్తిడిలోనున్న ఆక్సిజను సోకి భగ్గుమనును. ఈ ఒక్క వాక్యము చదువక ప్రాణము పోగొట్టుకొనినవారు కలరు.

ఇచ్చట నా ఇంటి ముచ్చట ఒకటి చెప్పవలెను. మేము ఇల్లు కట్టినప్పుడు వీథివాకిలికి పెద్ద ఇనుపగేటు చేయించితిమి. అతుకులు ఎంతో నున్నగా, పైన రంగు మెరయుచు, చూచినవారందరు మెచ్చుకొనిరి. పదునాలుగు నెలలకు ఒకనాటి ప్రొద్దున పాలప్యాకెటుకు గేటు తీయబోగా మీది కీలు ఊడి గేటు ఒక ప్రక్కకు ఒరిగెను. అదృష్టవశమున మనుమడు అప్పుడే లోపలికి వచ్చియుండెను. విరిగినచోటు పరికించితిని. కీలు అంచున అతుకు లోహము పైపైన పేరుకొనియున్నదిగాని, క్రింది ఇనుములోనికి దిగనేలేదు. ఆ ఇనుముమీద మిల్లునుండి వచ్చిన నల్లపొర సయితము చెక్కుచెదరక యుండెను. కరగి కలియవలసినది కరగకుండనే ప్రక్కన కూర్చున్నది, దానిమీద రంగు పడినది. చేసినవానిని నేను తప్పుపట్టలేదు. అతనికి లోతు అనునది ఒకటి కలదని ఎవరును నేర్పియుండరు.

వెల్డింగులోని తప్పులలో పైకి కనబడునవి కొన్ని: అంచున గాడిపడుట, బుడగచిల్లులు, చెదరిన రవ్వలు. లోన దాగునవి మరికొన్ని: చిక్కుకొనిన చిట్టెము, కలియని అంచు, వెండ్రుకవంటి పగులు. ఈ రెండవ జాతి తప్పులే మనుష్యులను చంపును. 1943 జనవరి 16న, అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో కట్టియున్న స్కెనెక్టడీ అను క్రొత్త చమురు ఓడ, గాలి లేదు, అల లేదు, యుద్ధపుదెబ్బ లేదు, ఉన్నదున్నట్లుగా పెద్ద ధ్వనితో నడిమికి విరిగెను. యుద్ధమునకై వేగముగా ఓడలు కావలసివచ్చి, రివిట్లు మాని వెల్డింగుతో కట్టిన కాలమది; లిబర్టీ అను సరకు ఓడలే 2,710 ఆ పద్ధతిని తయారైనవి, వాటిలోను కొన్ని పగిలినవి. చలికి పెళుసెక్కు ఉక్కు, మూలలలో కేంద్రీకరించిన ఒత్తిడి, అక్కడక్కడ చెడిన అతుకులు, ఇవి కూడి చేసిన పని అది. రివిట్టు కొట్టిన ఓడలో పగులు ఒక రేకు చివరదాక పోయి ఆగును. అతికిన ఓడ అంతయు ఒకే ఇనుము గనుక, పగులునకు అడ్డు లేదు. ఆ ఓడలను అతికినవారిలో, కొన్ని నెలలలోనే ఈ పని నేర్చుకొని చేరిన స్త్రీలు వేలకొలది కలరు. నేను చూచిన షెడ్డులో ఇద్దరు ఆడపిల్లలు కనిపించిరి. మడుగును నడపుటలో వారి చేయి కుదురుగా నున్నదని మాస్టరుగారే నాతో చెప్పిరి.

అందుచేతనే శిక్షణశాలలో అతుకుటతోపాటు విరుచుటయు నేర్పుదురు. పలకలను అతికినపిమ్మట, అతుకుకు రంపముతో గాటుపెట్టి, వైసులో బిగించి, సమ్మెటతో కొట్టి విరిచి లోపలి భాగమును చూచుదురు. గారాబముగా వేసికొనిన అతుకును తన చేతితోనే విరుగగొట్టి, లోన ఆవగింజంత నల్లని చిట్టెము చూచిన పిల్లవాని ముఖము చూడవలెను. అది పుస్తకములో నూరుమారులు చదివినను రాని జ్ఞానము.

కన్నుల సంగతి తల్లులకు ముఖ్యము. ఆ మెరుపులోని అతినీలలోహిత కిరణములు కనుగ్రుడ్డు పైపొరను కాల్చును. ఆ క్షణమున ఏమియు తెలియదు, నడిరేయి పిల్లవాడు లేచి కన్నులలో ఇసుక పోసినట్లు ఏడ్చును. ఆలుగడ్డ చెక్కలు కట్టుట మొదలైన ఇంటివైద్యములు మాని డాక్టరుకు చూపవలెను; సాధారణముగా ఒకటిరెండు దినములలో తగ్గును. పది, పదకొండు నంబర్ల నల్ల గ్లాసు దీనికి రక్ష. చలువ కళ్లద్దాలు పెట్టుకొని వెల్డింగు చేయువారిని మన రోడ్లవెంబడి చూచినప్పుడెల్లను నాకు గుండె నొచ్చుచుండును. జస్తాపూత పూసిన జి.ఐ. పైపును అతుకునప్పుడు తెల్లనిపొగ లేచును. అది పీల్చినవానికి ఆ రాత్రి చలిజ్వరము వచ్చును. గాలి ఆడుచోట, పూతను గీకివేసి పనిచేయవలెను. చెమటకు తడిసిన ఒంటితో, తడినేలమీద నిలిచి హోల్డరు ముట్టరాదు.

ఈ పని నేర్చి, ఈ జిల్లాలోని దుబ్బాకవైపునుండి గల్ఫుకు పోయినవారిలో వెల్డర్లుగా స్థిరపడినవారు కలరు. అక్కడి చమురుకంపెనీలు అడుగునది సిక్స్‌జీ పరీక్ష. గొట్టమును నలుబదియైదు డిగ్రీల వాలులో కదలకుండ బిగించి, దానిచుట్టును, పైనుండి క్రిందినుండి ప్రక్కనుండి, తానే తిరుగుచు అతుకవలెను. అందు నెగ్గినవాడు ఏ భంగిమలోనైనను అతుకగలడని అర్థము. మరియొక సంగతి ముందే తెలిసికొని యుండుట మేలు: పదవ తరగతి పాసుకానివానికి వచ్చు పాస్‌పోర్టుమీద, గల్ఫు మొదలైన దేశములకు పనికిపోవుటకు ప్రభుత్వపు ఎమిగ్రేషను అనుమతి తప్పనిసరి యగును. వెల్డరు ట్రేడుకు ఎనిమిదవ తరగతి చాలునుగదాయని బడి మానుకొన్నవాడు ఆ తరువాత విచారించును. ట్రేడులో చేరినవాడును ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి కట్టి పాసగుట మంచిది.

ఇక మన ఐ.టి.ఐ.ల సంగతి. 2024లో రాష్ట్రప్రభుత్వము టాటా టెక్నాలజీస్ సంస్థతో కూడి 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చుటకు పూనుకొన్నది. అంచనా వ్యయము 2,324 కోట్ల రూపాయలు. జూను 18న హైదరాబాదు మల్లేపల్లి ఐ.టి.ఐ.లో శంకుస్థాపన జరిగినది. రోబోలు, విద్యుత్ వాహనములు, కంప్యూటరుతో నడుచు లేతులు ఆ ఏర్పాటులోనివి. అవి రావలసినవే, ఇంతకాలమునకు ఈ పిల్లలపై ఇంత ధనము పెట్టుట చూచి సంతసించినవారిలో నేనును ఒకడను. నా మనవి ఒక్కటే. వెల్డింగు చేసెడి రోబోకు నేర్పువాడును మొదట మడుగును చూడ నేర్చియుండవలెను. ఆ నేర్పు యంత్రము కొనినంతనే రాదు, రాడ్డులు కాల్చినకొలది వచ్చును. రాడ్డులు, పలకలు, గ్యాసు, ఇవి ప్రతిదినము తరగిపోవు సామాను. యంత్రమునకు ప్రారంభోత్సవము జరుగును గాని, రాడ్డుపెట్టెకు జరుగదు. బిల్లులు ఆలస్యమైనప్పుడు మొదట ఆగునది అదే. కావున పిల్లవానిని చేర్పబోవు తండ్రి, భవనము చూచి, కంప్యూటర్లు చూచి తృప్తిపడక, "సార్, మా పిలగానికి రోజుకు ఎన్ని రాడ్లు ఇస్తరు?" అని అడుగవలెను.

నేను కూర్చున్న షెడ్డులో ఆ ప్రశ్న అడుగ నక్కరలేకపోయినది. ప్రతి తెరలోను బల్లక్రింద ఒక పాత పెయింటు డబ్బా ఉండెను. రాడ్డు కరగి రెండంగుళములు మిగిలినప్పుడు ఆ ముక్కను హోల్డరునుండి విడిపించి డబ్బాలో వేయుదురు. సాయంకాలము మాస్టరుగారు ఒక్కొక్క డబ్బాను చేతితో ఎత్తి బరువుచూచి రిజిస్టరులో వ్రాసికొందురు. ప్రొద్దున రాడ్డు గీయుట రాక అవస్థపడిన పిల్లవాడు మధ్యాహ్నము కరెంటు పోయినప్పుడు పలక వెనుకవైపు తీగె బ్రష్షుతో శుభ్రము చేసికొని సిద్ధముగా కూర్చుండెను. కరెంటు వచ్చినది. నేను లేచి వచ్చునప్పటికి అతని డబ్బా సగము నిండియుండెను.